గోప్య నివేదికలో ఒక్క మాట



బ్యాంకులో పనిచేసినవాళ్లకి మార్చి నెల అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఒక పక్క మొండి బకాయిల వసూళ్లు, ఇంకో పక్క సంవత్సరాంతపు లెక్కలు. అవి తెమిలి హమ్మయ్య అనుకునే లోపల బల్ల మీద సి.ఆర్.ల కట్ట వచ్చి పడేది. సి.ఆర్. అంటే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు. ఉద్యోగి ఏడాదంతా ఎలా పనిచేశాడో పై అధికారి రాసి, కవరులో పెట్టి, సీలు వేసి పంపే కాగితం. ఎవరి గురించి రాశారో వాళ్లకి తప్ప ఆఫీసులో అందరికీ తెలిసిపోయే రహస్యం.

తొంభైల నడుమ, నేను ప్రాంతీయ కార్యాలయంలో ఉన్న రోజుల్లో, ఒకే మధ్యాహ్నం నా ముందుకు రెండు రిపోర్టులు వచ్చాయి. ఇద్దరూ ఫీల్డాఫీసర్లే, ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ఒకాయన కోల్డ్ స్టోరేజీ యజమాని దగ్గర పాత బాకీ వసూలు చేశాడు. యజమాని తప్పించుకు తిరుగుతుంటే గేటుకు అడ్డంగా స్కూటరు పెట్టి దాని మీదే కూర్చున్నాడట. ఇంకో ఆవిడ ఒక రైసుమిల్లు ఆసామి దగ్గర మూడేళ్ల వాయిదాలు రాబట్టింది. మిల్లు ముందు వడ్లు ఆరబోసిన చోట కుర్చీ వేయించుకుని, పొద్దున పదింటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా కదలకుండా కూర్చుని, చెక్కు చేతిలో పడ్డాకే లేచింది.

ఆయన మేనేజరు ఏం రాశాడంటే, వసూళ్లలో పట్టు విడవని మనిషి, నాయకత్వ లక్షణాలు ఉన్నాయి అని. ఆవిడ మేనేజరు ఏం రాశాడంటే, వసూళ్లు బాగానే ఉన్నాయి కానీ మాట కటువు, ఖాతాదారులతో సౌమ్యంగా మెలగడం నేర్చుకోవాలి అని. మిల్లు ఆసామి బ్రాంచికి వచ్చి, ఆడమనిషి గుమ్మంలో కూర్చుంటే మా పరువేం కావాలండీ అని వాపోయాడట. కోల్డ్ స్టోరేజీ ఆయనకీ పరువు ఉండే ఉంటుంది, కానీ ఆయన ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. అతనికి వెరీ గుడ్. ఆవిడకి గుడ్. రెండింటి కిందా సంతకం పెట్టింది నేనే. బల్ల మీద టీ చల్లారే లోపల ఆ పని అయిపోయింది.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఆ సంతకం గురించి. ఆడవాళ్లకి చదువెందుకు, ఉద్యోగమెందుకు అనేవాళ్ల సంగతి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. వాళ్లు పైకే అంటారు కాబట్టి ఎదురు చెప్పవచ్చు. నేను చెప్పే జబ్బు లోలోపలిది. ఉద్యోగానికి ఒక గుణం కావాలి. మనిషి ఆ గుణం చూపించాడు, లేదా చూపించింది. అయితే ఆ గుణం ఆ మనిషికి తగదని లోకం ఎప్పుడో ఒక లెక్క వేసి పెట్టుకుంది. అప్పుడు పని బాగా చేయడమే నేరమై కూర్చుంటుంది. ఆ నేరానికి శిక్ష ఎక్కడా రూల్సులో ఉండదు. రిపోర్టులో ఒక విశేషణంగా ఉంటుంది.

ఈ సంగతి నాకు తలకెక్కింది చాలా ఏళ్ల తర్వాత, అమెరికాలో జరిగిన ఒక కేసు గురించి చదివినప్పుడు. ఆన్ హాప్కిన్స్ అని, ప్రైస్ వాటర్‌హౌస్ అనే పెద్ద అకౌంటింగ్ సంస్థలో, వాషింగ్టన్ ఆఫీసులో మేనేజరు. 1982లో ఆమె పేరు భాగస్వామి హోదాకి ప్రతిపాదించారు. ఆ సంస్థలో అప్పటికి 662 మంది భాగస్వాములు. అందులో ఆడవాళ్లు ఏడుగురు. ఆ ఏడాది ప్రతిపాదించినవాళ్లు 88 మంది. అందులో ఆడమనిషి హాప్కిన్స్ ఒక్కతే. అమెరికా విదేశాంగ శాఖ నుంచి రెండున్నర కోట్ల డాలర్ల కాంట్రాక్టు సంస్థకి దక్కడంలో ఆమె పాత్ర పెద్దది. వ్యాపారం తేవడంలో ఆ 88 మందిలో ఆమె స్థాయికి వచ్చినవాళ్లు లేరని కోర్టు రికార్డే చెబుతుంది.

తీరా చూస్తే 47 మందిని తీసుకున్నారు, 21 మందిని కాదన్నారు, హాప్కిన్స్‌తో కలిపి 20 మందిని వచ్చే ఏడు చూద్దాం అన్నారు. భాగస్వాములు రాసిన అభిప్రాయాల్లో ఏమున్నాయో తర్వాత కోర్టులో బయటపడింది. మగరాయుడిలా ఉంటుందని ఒకరు. ఆడదాన్నన్న లోటు పూడ్చుకోవడానికి అతి చేస్తోందని ఒకరు. నడవడిక నేర్పే బడికి పంపాలని ఇంకొకరు. ఆమె బూతులు మాట్లాడుతుందని కొందరికి అభ్యంతరం. ఆమె బాగు కోరిన భాగస్వామి ఒకాయన ఉన్నాడు. నిర్ణయం ఎందుకిలా వచ్చిందో ఆమెకి వివరించే పని ఆయనకే పడింది. ఆయన చెప్పిన సలహా ఏమిటంటే, కాస్త ఆడపిల్లలా నడువు, ఆడపిల్లలా మాట్లాడు, బట్టలు అలాంటివి వేసుకో, మేకప్పు వేసుకో, జుట్టు చక్కగా దిద్దించుకో, నగలు పెట్టుకో అని. నన్ను బాగా కదిలించింది ఇదే. ఈ మాటలు శత్రువు నోటి నుంచి వచ్చినవి కావు. మన ఇళ్లల్లో మేనత్తలు చెప్పినట్టుగా, మంచి కోరి చెప్పిన మాటలు.

ఒక మాట ఒప్పుకోవాలి. హాప్కిన్స్ పాలుగారే మనిషేం కాదు. కింద పనిచేసేవాళ్లతో కరుకుగా ఉండేదని, ఓపిక తక్కువని ఆమెని సమర్థించినవాళ్లూ రాశారు. కోర్టు అది కూడా లెక్కలోకి తీసుకుంది. అక్కడే ఈ కేసుకి విలువ. దేవతలకి అన్యాయం జరిగితే పోల్చుకోవడం తేలిక. కరుకైన మనిషికి కరుకుదనం కారణంగా పదవి పోయిందా, కరుకైన ఆడమనిషి అయిన కారణంగా పోయిందా అని విడదీయడమే కష్టం. సూజన్ ఫిస్క్ అనే మనస్తత్వవేత్త కోర్టులో సాక్ష్యం చెప్పారు. గుంపులో ఒక్కతే ఆడమనిషి ఉన్నప్పుడు, మిగతావాళ్ల కళ్లకి ముందు ఆడతనమే కనబడుతుందని, పని ఆ తర్వాతేనని ఆమె వాదన సారాంశం.

1989 మే 1న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తొమ్మిది మందిలో ఆరుగురు హాప్కిన్స్ పక్షాన నిలిచారు. ఆడమనిషి దూకుడుగా ఉండకూడదు అనే నమ్మకంతో నిర్ణయం తీసుకుంటే, అది ఆడమనిషి అన్న కారణంతో తీసుకున్న నిర్ణయమే అవుతుందని ప్రధాన అభిప్రాయం రాసిన జస్టిస్ బ్రెనన్ తేల్చారు. ఉద్యోగానికి దూకుడు కావాలంటారు, ఆడవాళ్లలో దూకుడు తప్పంటారు. ఉంటే పనికిరారు, లేకపోతే పనికిరారు. మన భాషలో ముందు నుయ్యి, వెనక గొయ్యి. దావా మళ్లీ కింది కోర్టుకి వెళ్లాక, 1990లో ఆమెని భాగస్వామిగా తీసుకోమని, దాదాపు 3,71,000 డాలర్ల బకాయి జీతం ఇవ్వమని జడ్జి ఆదేశించాడు. 1991లో ఆమె అదే సంస్థకి తిరిగి వెళ్లింది. కాదన్నవాళ్ల మధ్యనే కూర్చుని, 2002లో రిటైరయ్యే దాకా పనిచేసింది. ఆ గుండెదిటవు ఎంతమందికి ఉంటుంది చెప్పండి.

ఆ తీర్పు చదువుతుంటే నాకు మన తెలుగు మాటలు గుర్తొచ్చాయి. గయ్యాళి అనే మాట తీసుకోండి. దానికి మగరూపం ఏది? నేను చాలా వెతికాను. గట్టివాడు, మొండివాడు, పట్టుదల గలవాడు, ముక్కుసూటి మనిషి - ఇన్ని ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ తిట్టు లేదు. చొరవగా ఉన్న ఆడపిల్ల మగరాయుడు. మెత్తగా ఉన్న మగవాడు ఆడంగి. ఎవరి గుణం వారి దగ్గర ఉంటే మెచ్చుకోలు, గోడ దాటిందా తిట్టు. సూర్యకాంతం గారి సంగతే చూడండి. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీ రంగారావు, సావిత్రి అందరూ ఉన్న 1962 నాటి సినిమాకి ఆవిడ పాత్ర పేరే పెట్టి గుండమ్మ కథ అన్నారు. అంత నటి. అయినా ఆ తర్వాత తెలుగువాళ్లు ఆడపిల్లకి సూర్యకాంతం అని పేరు పెట్టడానికి జంకారు. గట్టిగా మాట్లాడే పాత్ర ఎంత మెప్పించినా, ఆ గట్టితనం మన ఇంటి పిల్లకి మాత్రం వద్దు. ఆఫీసులు ఎక్కడినుంచో ఊడిపడవు కదా. ఇంట్లో మాటలే టై కట్టుకుని వచ్చి రిపోర్టులో కూర్చుంటాయి.

ఉద్యోగంలో చేరే గుమ్మం దగ్గర ఈ బాధ ఇంకా పాతది. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్న అయ్యలసోమయాజుల లలిత మన తెలుగింటి ఆడపడుచు. 18 ఏళ్లకే భర్త పోయాడు, చేతిలో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు ఆ కాలేజీలోనే ఆచార్యుడు కాబట్టి తలుపు తెరుచుకుంది. ఆమె పట్టా కాగితం గురించి ఒక చిన్న సంగతి ఉంది. అచ్చులో ఇంగ్లీషులో అతడు అని ఉన్న చోట కొట్టేసి, పైన ఆమె అని కలంతో రాసి ఇచ్చారు. కాలేజీకి కలం గీత సరిపోయింది. తర్వాత ఆమె కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్ పరికరాల మీద పనిచేసింది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సభకి వెళ్లింది.

అందరి కాగితం మీదా అంత తేలిగ్గా గీత పడలేదు. 1949లో మన విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ సి.బి. ముత్తమ్మ. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదిలేస్తానని ముందే రాసి ఇవ్వవలసి వచ్చింది. ఆ సర్వీసులో ఆడవాళ్లు పెళ్లికి ప్రభుత్వం అనుమతి తీసుకోవలసి ఉండేది. మగవాళ్లకి ఆ రూలు ఉండేది కాదు. పై గ్రేడు ప్రమోషను రాకపోతే ఆమె సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ రూల్సుని గట్టిగా దులిపేశారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆమెకి ప్రమోషను ఇచ్చేసింది, అది వేరే ముచ్చట.

సినిమావాళ్ల సంగతి ఇంకా తమాషా. బొంబాయిలో మేకప్పు కళాకారుల సంఘం ఆడవాళ్లకి మేకప్పు కార్డు ఇచ్చేది కాదు. జుట్టు దువ్వవచ్చు, ముఖానికి రంగు వేయకూడదు. ఇంట్లో ఏ కాటుక పెట్టాలన్నా ఆడచెయ్యే కావాలి, అదే చేతికి జీతం ఇవ్వాలంటే మాత్రం అది మగవాడి విద్య అయిపోతుంది. చారు ఖురానా అనే కళాకారిణి కోర్టుకెక్కితే, 2014లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదంది. పని ఆడదా మగదా అన్నది పనిలో లేదు, డబ్బు వచ్చే చోట ఎవరున్నారు అన్నదాన్ని బట్టి మారుతుందని నాకు ఆ కేసుతోనే అర్థమైంది.

జీతం దగ్గరికి వద్దాం. మా అన్నయ్య కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కొత్త ఉద్యోగం ఆఫరు వచ్చినప్పుడు, ఇంకాస్త పెంచమని అడిగిందట. అవతలి మేనేజరు నవ్వుతూనే, మీరు డబ్బు మనిషిలా ఉన్నారే అన్నాడట. అదే వారం అదే కంపెనీలో దాని స్నేహితుడు బేరమాడితే, తన విలువ తనకి తెలుసు అన్నారట. అది నాతో చెప్పి, "బాబాయ్, మార్కెట్లో వంకాయలు బేరమాడకపోతే అమ్మ తిడుతుంది. ఇక్కడ బేరమాడితే వీళ్లు తిడుతున్నారు" అంది. నేను నవ్వాను కానీ, నవ్వు సగంలో ఆగిపోయింది. ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్, హానా రైలీ బౌల్స్, ఇంకొకరితో కలిసి 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలిందీ ఇదే. జీతం ఎక్కువ అడిగిన ఆడవాళ్లతో కలిసి పనిచేయడానికి జనం ఎక్కువ వెనకాడారు. అడిగిన మగవాళ్ల మీద అంత విముఖత లేదు. ఆడవాళ్లు అడగరు కాబట్టే తక్కువొస్తుంది అని సెమినార్లలో ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. అడిగితే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. తెలిసే అడగరు.

2012లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో పరీక్ష పెట్టారు. ప్రయోగశాల మేనేజరు ఉద్యోగానికి ఒకే దరఖాస్తు, అక్షరం పొల్లుపోకుండా, 127 మంది సైన్సు ప్రొఫెసర్లకి పంపారు. కొందరికి పంపినదాంట్లో పేరు జాన్, కొందరికి పంపినదాంట్లో జెన్నిఫర్. జాన్‌కి సగటున 30,238 డాలర్లు ఇస్తామన్నారు, జెన్నిఫర్‌కి 26,508. తక్కువ ఇస్తామన్నవాళ్లలో మహిళా ప్రొఫెసర్లూ ఉన్నారు. ఇది వింటే మగవాళ్లకి కాస్త ఊరట కలగవచ్చు. నాకు మాత్రం కలగలేదు. ఒక పక్షం వాళ్లు కావాలని చేసే పని అయితే వాళ్లని పట్టుకోవచ్చు. గాలిలోనే ఉన్నదాన్ని ఎవరు పట్టుకుంటారు?

గోడ దాటిన మగవాడి సంగతి తక్కువ మంది మాట్లాడతారు. బ్యాంకులో ప్రమోషను అంటే వెంటనే బదిలీ. మూటాముల్లె కట్టుకుని ఏ బీహారుకో ఒడిశాకో పోవాలి. ఆడ ఆఫీసరు ఇల్లు కదల్లేనని ప్రమోషను వద్దంటే, పాపం సంసారం అంటారు, మళ్లీ ఆ పేరు ఎత్తరు. నా మిత్రుడొకడు, ప్రభుత్వ బడిలో టీచరైన భార్య ఉద్యోగం పోతుందని, రెండుసార్లు ప్రమోషను వదులుకున్నాడు. క్యాంటీన్లో వాడికి పెట్టిన పేరు పెళ్లాం చాటు మొగుడు. రిపోర్టులో దానికి మర్యాదైన అనువాదం, ఆశయం లోపించింది అని. పదవి వద్దన్నందుకు కాదు, వద్దనడానికి చెప్పిన కారణం మగవాడి కారణం కానందుకు ఆ మాట పడింది. అమ్మానాన్నల అనారోగ్యం అని అబద్ధం చెప్పి ఉంటే పితృభక్తుడు అయ్యేవాడు.

అయితే మగవాడు ఆడవాళ్ల పనిలోకి వస్తే ఎప్పుడూ నష్టమే అనుకోకండి. క్రిస్టీన్ విలియమ్స్ అనే సమాజశాస్త్రవేత్త 1992లో అమెరికాలో నర్సులు, బడి టీచర్లు, లైబ్రేరియన్లుగా పనిచేసే మగవాళ్లతో మాట్లాడి రాసింది. వాళ్లని పైకి నెట్టే ఎస్కలేటరు ఒకటుంది అని. బయటివాళ్లు హేళన చేస్తారు, లోపలి అధికారులు మాత్రం నీలాంటివాడు ఇక్కడేమిటి, హెడ్డు కుర్చీలోకి పో అంటారు. పిల్లల పుస్తకాల విభాగంలోనే హాయిగా ఉంటానన్న ఒక మగ లైబ్రేరియన్‌కి, ఇంతకంటే పెద్ద ఆశలు లేవా అని మందలింపు పడిందట. ఆడమనిషి దాటితే కాలు పట్టి లాగే గోడ, మగవాడు దాటితే వాణ్ణి ఎత్తి మేడ మీద కూర్చోబెడుతుంది. మేడ వద్దు, కింద పిల్లలతో ఉంటానన్నవాడి మొర మాత్రం వినదు.

ప్రమోషను దగ్గర ఇంకో సాకు ఉంది, చాలా మర్యాదైనది. నాకేం అభ్యంతరం లేదు, కిందివాళ్లు ఒప్పుకోరు అన్నది. సైన్యంలో మహిళా ఆఫీసర్లకి శాశ్వత కమిషను కేసులో, గ్రామాల నుంచి వచ్చిన జవాన్లు ఆడ కమాండరు మాట వినడానికి మానసికంగా సిద్ధంగా లేరని ప్రభుత్వం వాదించింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. మా బ్యాంకులో ఇదే మాట ఖాతాదారుల పేరు మీద నడిచేది. రైసుమిల్లు ఆసామి పరువు గుర్తుంది కదా.

ఆ ఫీల్డాఫీసరు ఆవిడ దగ్గరికే మళ్లీ వస్తాను. గుడ్ అంటే తెలుగులో బాగుంది అనే కదా, దానివల్ల నష్టమేముంది అనిపించవచ్చు. ప్రమోషను లెక్కలో వెరీ గుడ్ అయితేనే మార్కులు. గుడ్ అనేది చక్కెర పూసిన కోత. పైగా అప్పట్లో చెడ్డ రిమార్కు అయితేనే ఉద్యోగికి తెలియజేసేవారు, గుడ్ చెడ్డ కాదు కాబట్టి ఆవిడకి చెప్పే పనే లేకపోయింది. సరిహద్దు రోడ్ల సంస్థలో దేవ్ దత్ అనే ఇంజనీరుకి సరిగ్గా ఇదే జరిగింది. ఒక్క ఏడాది గుడ్ వల్ల ఆయన ప్రమోషను పోయింది. 2008లో సుప్రీంకోర్టు, మంచో చెడో ప్రతి రిమార్కూ ఉద్యోగికి చూపించాలంది. ఆ తీర్పు వచ్చేసరికి మా ఫీల్డాఫీసరు రిపోర్టు ఏ బీరువా అడుగునో చెదలు పట్టి ఉంటుంది.

ఆ ఏడు ఆవిడకి ప్రమోషను రాలేదు. మరో మూడేళ్లకి వచ్చింది. బ్యాంకు ఉద్యోగికి మూడేళ్లు అంటే ఏమిటో లెక్క వేసుకోండి. మూడేళ్ల ఇంక్రిమెంట్ల తేడా, దాని మీద డి.ఎ., దాని మీద పి.ఎఫ్., ఆ తర్వాత గ్రాట్యుటీ, చివరికి నెలనెలా వచ్చే పెన్షను. ఆ పై ప్రమోషనుకి మూడేళ్లు వెనకబడి, దానికి వయసు మించిపోయి, ఆవిడ ఒక మెట్టు కిందే రిటైరైంది. స్కూటరు అడ్డంపెట్టిన ఆయన జనరల్ మేనేజరు అయ్యాడు. మంచివాడే, పనిమంతుడే. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

కిందటేడు విజయవాడలో ఒక పెళ్లిలో ఆవిడ కనబడింది. జుట్టు తెల్లబడింది, గొంతు మాత్రం అదే. భోజనాల దగ్గర నా పక్క కుర్చీలో కూర్చుని, మనవరాలి సంగతులు చెప్పింది, పెన్షను రివిజను సంగతులు అడిగింది. వడ్డించేవాడు నా విస్తట్లో రెండోసారి పులిహోర వేసి ముందుకు పోతుంటే, ఉన్నట్టుండి అడిగింది.

"సార్, ఆ రైసుమిల్లు ఏడాది నా సి.ఆర్.లో ఏం రాశారో మీకేమైనా తెలుసా?"

"గుర్తులేదమ్మా" అన్నాను.